ఇంగ్లీషు మాస్టారి భార్య నోటుబుక్కు

లఫ్కాడియో హెర్న్ 1894లో వెలువరించిన ‘గ్లింప్సెస్ ఆఫ్ అన్‌ఫెమిలియర్ జపాన్’లో ‘ఫ్రమ్ ది డైరీ ఆఫ్ యాన్ ఇంగ్లీష్ టీచర్’ అని ఒక పెద్ద అధ్యాయం ఉంది. ఎం.ఏ. చదివే రోజుల్లో దాని జిరాక్సు కాపీ చేతికొచ్చింది. అప్పుడు నచ్చింది, ఇప్పుడూ నచ్చుతుంది. జపాన్ వెళ్ళి ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ బతికిన పరాయి దేశస్థుల అనుభవాలు తర్వాత చాలానే చదివాను గానీ అంత ప్రేమగా రాసినవి తక్కువ.

హెర్న్ తల్లి గ్రీకు, తండ్రి ఐరిష్. చాలాకాలం అమెరికాలో పత్రికల్లో పనిచేసి 1890లో జపాన్ చేరాడు. మత్సుయె అనే చిన్న ఊళ్ళో మగపిల్లల బడిలో ఇంగ్లీషు మాస్టారయ్యాడు. ఆ డైరీ నిండా ఆ పిల్లలే. వాళ్ళు రాసిన వ్యాసాల్ని తప్పులతో సహా మనకి చూపిస్తాడు, ఎక్కడా వెక్కిరించడు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల కాంపోజిషన్లు స్టాఫ్‌రూంలో పైకి చదివి నవ్వుకునే మనవాళ్ళు ఈ ఒక్క సంగతి కోసమైనా ఆ అధ్యాయం చదవాలి. ఇద్దరు విద్యార్థుల చావు గురించి రాసిన పేజీలు ఇప్పటికీ కళ్ళు తడిపిస్తాయి.

ఇంత చెప్పాక నా పేచీ చెప్తాను. 1891 మొదట్లో హెర్న్ ఇంట్లోకి ఒక స్త్రీ వచ్చింది. పేరు కొయిజుమి సెత్సు. 1868లో పుట్టిన సమురాయ్ కుటుంబపు పిల్ల. ఆ వర్గానికి రోజులు చెడి, కట్టుకున్నవాడు వదిలేసి పోతే, బట్టలు నేసి ఇంటివాళ్ళని పోషించింది. హెర్న్‌కి వండిపెట్టింది ఈమె, ఊరినీ ఆచారాల్నీ అర్థమయ్యేలా చెప్పింది ఈమె, పిల్లల్ని కన్నది ఈమె. ఆ డైరీలో మాత్రం ఆమె పేరు లేదు! టీచరు డైరీ కదా, బడి గురించే రాస్తాడు అని మీరనవచ్చు. బడి అయ్యాక ఆ టీచరు ఇంటికెళ్ళి అన్నం తిన్నాడు కదా. రోజువారీ జీవితం అంటే అందులో ఏ సగం?

రెండో సగం సెత్సు చెప్పింది. భర్త పోయిన పదేళ్ళకి, 1914లో, ఆమె జ్ఞాపకాలు జపనీస్‌లో అచ్చయ్యాయి. 1918లో ‘రెమినిసెన్సెస్ ఆఫ్ లఫ్కాడియో హెర్న్’ పేరుతో ఇంగ్లీషులోకి వచ్చాయి. పల్చటి పుస్తకం, ఒక మధ్యాహ్నం కూచుంటే అయిపోతుంది. హెర్న్‌కి ప్రపంచమంతా పేరు తెచ్చిన ‘క్వైదాన్’ (1904) కథలు ఎలా తయారయ్యాయో అందులో ఉంది. ఆమె పాత పుస్తకాల దుకాణాలు తిరిగి కథలు వెతికి తెచ్చేది. రాత్రి దీపం తగ్గించి చెప్పేది. పుస్తకం చూసి చదవడానికి వీల్లేదు, కథ ఆమెదైపోయి ఆమె మాటల్లోనే రావాలి. చెప్పిందే మళ్ళీ చెప్పించుకునేవాడు. ఏ మాట ఏ గొంతుతో అన్నారో కనుక్కునేవాడు. ఆ కథలు ఆమెకి పీడకలలై వచ్చేవి. అట్ట మీద పేరు మాత్రం ఒక్కటే.

అందులో ఒక సంఘటన దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నేను చదువుకున్నదాన్నయితే మీకింకా సాయపడేదాన్ని కదా అని ఆమె బాధపడుతుంది. ఆయన ఆమెని చెయ్యి పట్టుకుని పుస్తకాల బీరువా దగ్గరికి తీసుకెళ్ళి తను రాసినవన్నీ చూపిస్తాడు. ఇవన్నీ ఎవరి వల్ల వచ్చాయనుకున్నావు, నువ్వు చదువుకున్నదానివైతే ఈ దెయ్యాల కథలు విని నవ్వి ఊరుకునేదానివి అంటాడు. హెర్న్ అభిమానులు దీన్ని దాంపత్యానురాగానికి గుర్తుగా చూస్తారు. అనురాగం లేదని నేనూ అనను. ఎంత ముద్దుగా చెప్పినా ఆ మాటకి అర్థం ఒకటే... నీకు చదువు రాకపోవడమే నాకు లాభం. చదువు మీద కోరిక బయటపెట్టిన స్త్రీకి ఇంగ్లీషు మాస్టారు ఇచ్చిన జవాబు అది. మన ఇళ్ళలో ‘నువ్విలా ఉంటేనే బాగుంటావు’ అనే మాట విన్నవాళ్ళకి దీన్ని వేరే విడమర్చి చెప్పక్కర్లేదు.

సెత్సు మాత్రం ఊరుకోలేదు. ఆయన నోట విన్న ఇంగ్లీషు మాటల్ని జపనీస్ లిపిలో రాసిపెట్టుకున్న ఆమె నోటుబుక్కు ఇప్పటికీ ఉంది. ఆయన చెప్పాడు, ఆమె నేర్చుకుంది. కానీ అది సాగలేదు. ఆ ఇంట్లో నిలిచింది వాళ్ళిద్దరికే అర్థమయ్యే ఒక విరుపుల జపనీస్. పెద్ద కొడుకు కజువో సంగతి వేరు. వాడికి తండ్రే ఇంట్లో కూచోబెట్టి కఠినంగా ఇంగ్లీషు నేర్పాడు. ఆ పాఠాల గురించి కజువో పెద్దయ్యాక రాశాడు కూడా. కొడుక్కి పాఠం, భార్యకి నోటుబుక్కు.

ఆ నోటుబుక్కు నాకు కొత్తగా అనిపించలేదు. మా మామగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పోయారు. ఆయన పోయాక మా అత్తయ్య లాలాపేట ఇంట్లో, పాత క్యాలెండరు కాగితాలు కుట్టిన పుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసుకునేది... ఫ్యామిలీ పెన్షన్, మెడికల్ కార్డు, సర్వీస్ రికార్డు, లైఫ్ సర్టిఫికెట్. కౌంటరు దగ్గర గుమాస్తా అన్న మాటని ఇంటికొచ్చేదాకా నోట్లో తిప్పుకుంటూ వచ్చి రాసేది. ‘నువ్వు అందరికీ చెప్తావు గదమ్మా, ఇది సరిగ్గా రాసిన్నా చూడు’ అనేది. ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. స్త్రీలు ఇంగ్లీషులోకి వచ్చిన చరిత్ర రాయాలంటే ఇలాంటి కాగితాల్ని ఎక్కడ పెట్టాలి? సాహిత్య విమర్శ ఇంతవరకూ వాటికి చోటివ్వలేదు.

జపాన్‌కీ మా యూనివర్సిటీకీ సంబంధమేమిటి అనేవాళ్ళకి ఒక పాత సంగతి. 1918లో ఉస్మానియా ఉర్దూ మీడియంతో మొదలైంది, ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టు. హైదరాబాద్ సంస్థానంలో విద్యాశాఖ నడిపిన రాస్ మసూద్ 1922లో జపాన్ వెళ్ళి, అక్కడి చదువుల మీద 1923లో ఒక పుస్తకం రాశాడు. సొంత భాషలో చదువుకునే ఆధునిక దేశంగా జపాన్ ఆయనకి ఆదర్శం. (తెలుగువాళ్ళకి ఉర్దూ సొంత భాష ఎలా అయిందన్నది మరో పేచీ.) ఇ.ఇ. స్పైట్ అనే ఇంగ్లీషాయన జపాన్‌లో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పి, ఉస్మానియాకి ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా వచ్చాడు. అలా ఈ దారిలో మగవాళ్ళు అటూ ఇటూ బాగానే తిరిగారు.

ఆడవాళ్ళూ తిరిగారు. ఆలిస్ బేకన్ అనే అమెరికన్ టీచర్ 1888లో టోక్యో వెళ్ళి, రాజవంశీకుల ఆడపిల్లల బడిలో ఏడాది పనిచేసింది. ఆ ఉత్తరాలే 1893లో ‘ఎ జపనీస్ ఇంటీరియర్’ అయ్యాయి. సాహిత్యంగా హెర్న్‌తో తూగదు, ఒప్పుకుంటాను. అయితే ఇల్లు నడపడం, పనివాళ్ళు, ఖర్చు కూడా రాయదగ్గ విషయాలే అని ఆమెకి తెలుసు. అంతకు ముందు 1891లో ఆమె వేసిన ‘జపనీస్ గర్ల్స్ అండ్ విమెన్’ వెనక సుదా ఉమెకో శ్రమ చాలా ఉంది. ముందుమాటలో కృతజ్ఞత దక్కింది, రచయిత్రిగా పేరు దక్కలేదు. చెల్లెళ్ళ మధ్య కూడా అట్ట మీద పేరు ఒక్కటే! హెర్న్‌ని నిలదీసి బేకన్‌ని వదిలేస్తే అది విమర్శ కాదు.

ఉమెకో కథ విచిత్రం. 1871లో, ఆరేళ్ళ పిల్లగా, ప్రభుత్వం ఆమెని అమెరికాకి చదువుకి పంపింది. 1882లో తిరిగొచ్చేసరికి జపనీస్ మర్చిపోయింది. పుట్టిన దేశంలోనే ఆమె పరాయి ఇంగ్లీషు టీచరు. 1900లో పదిమంది అమ్మాయిలతో సొంత బడి పెట్టింది. ఇక్కడ భండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వేసింది ఆ మరుసటేడే. 2024 నుంచి జపాన్ ఐదువేల యెన్ నోటు మీద ఉమెకో బొమ్మ ఉంది. సెత్సు కథ ఆధారంగా 2025లో ఎన్‌హెచ్‌కె టీవీ సీరియల్ తీసింది. గుర్తింపు వస్తోంది, సరే. చదువుకున్న స్త్రీ నోటు మీదకి, కథ చెప్పిన స్త్రీ సీరియల్లోకి వెళ్ళడం మాత్రం నాకు వింతగా ఉంది.

పరాయి ఇంగ్లీషు టీచరు ఎవరన్నది తార్నాకలో ఉన్నవాళ్ళకి పుస్తకాల ప్రశ్న కాదు. 1958లో ఇక్కడ మొదలై ఇప్పుడు ఇఫ్లూ అయిన సంస్థ వల్ల ఇంగ్లీషు నేర్చుకోవడానికి విదేశీయులు ఈ వీధుల్లోకే వస్తారు. నేనూ కొన్నేళ్ళు ఒకచోట విదేశీ ఉద్యోగులకి ఇంగ్లీషు చెప్పాను. మొదటి రోజు ఒకాయన లేచి, ‘టీచర్ ఎప్పుడొస్తారు?’ అని అడిగాడు. టీచర్‌ని నేనే అంటే నా చీరని చూసి, బోర్డుని చూసి కూచున్నాడు. ఆయన్ని తప్పుపట్టను. 1987లో జపాన్ జెట్ పథకం పెట్టినప్పుడు మొదటి ఏడాది టీచర్లని అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌ల నుంచే తెచ్చుకుంది. ఇంగ్లీషు టీచరంటే ఎలా ఉండాలో ఆయనకీ అలాగే ఎవరో నేర్పి ఉంటారు.

కోర్సు చివర ఆయనే నా దగ్గరికొచ్చి, ఊళ్ళో ఉన్న భార్యకి ఇంగ్లీషు నేర్పాలనుంది, ఏ పుస్తకం కొనాలి అని అడిగాడు. నేనొక పుస్తకం పేరు చెప్పి, దాంతోపాటు రెండు గీతల నోటుబుక్కులు కూడా కొనమన్నాను.