ఎవరి పిల్లల చేతికి ఏ వాయిద్యం?

సంగీతం గురించి మన పత్రికల్లో వచ్చే రాతలు చాలావరకు రెండు రకాలు. ఒకటి విద్వాంసుల జీవిత చరిత్రలు. రెండోది తల్లిదండ్రులకు సలహాలు. పదమూడు పద్నాలుగేళ్ల పిల్ల వీణ నేర్చుకుంటానంటే ఏ గురువు దగ్గర చేర్చాలి, రోజుకు ఎంతసేపు సాధన చేయించాలి, మధ్యలో విసుగు పుడితే ఎట్లా బుజ్జగించాలి, పరీక్షలొస్తే క్లాసు మాన్పించాలా వద్దా అనే సంగతులు ఇందులో ఉంటాయి. ఇవి చదివితే వాయిద్యం నేర్పించడమనేది పూర్తిగా ఇంటి లోపలి విషయమనీ, అమ్మానాన్నల ఓపికను బట్టీ పిల్లల ఇష్టాన్ని బట్టీ నడిచేదనీ అనిపిస్తుంది. ఇది సగం నిజం. మిగతా సగంలో కులం ఉంది. ఆ సగాన్ని చర్చకు పెట్టడమే ఈ వ్యాసంలో మేము చేయదలుచుకున్న పని.

కన్నవాళ్ల ప్రేమ అన్ని ఇళ్లలోనూ ఉంటుంది. ఆ ప్రేమ సంగీత విద్యగా మారాలంటే మాత్రం ఇంటి బయట కొన్ని ఏర్పాట్లు ఉండాలి. విజయనగరం సంగీత కళాశాల కథే దీనికి మంచి ఉదాహరణ. అది 1919లో మొదలైంది. చాగంటి జోగారావు గారి కొడుక్కు చూపు లేదనీ, అతనికి సంగీతం నేర్పించాలని ఆ తండ్రి పడ్డ తపన చూసి మహారాజా విజయరామ గజపతి కళాశాల పెట్టారనీ చెప్తారు. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాల్. తర్వాత ఆ కుర్చీలో ద్వారం వెంకటస్వామినాయుడు కూర్చున్నారు. ఒక తండ్రి ఆరాటం ఒక సంస్థ అయింది. ఆ తండ్రి గొప్పవాడే, సందేహం లేదు. అయితే ఆయన మాట దర్బారు దాకా పోగలిగింది. అదే కాలంలో జాతరకు డప్పు కొట్టడానికి వచ్చి ఊరి వెలుపల నిలబడిన తండ్రికి కొడుకు మీద ప్రేమ తక్కువేమీ లేదు. ఆయన మాట వినే దర్బారు లేదు, అంతే తేడా.

పిల్లలకు వాయిద్యం నేర్పించాలంటే నాలుగు కావాలి. చోటు, పొద్దు, గురువు, మర్యాద. మోత చేసినా ఎవరూ తిట్టని ఒక గది. కూలినుంచి వచ్చాక పిల్లల పక్కన కూర్చునేంత మిగిలిన పొద్దు. ఇంటిపేరు అడగకుండా చేర్చుకునే గురువు. ఇక నాలుగోదాన్ని సలహాల వ్యాసాలు ఎన్నడూ లెక్కలోకి తీసుకోవు. వాయిద్యం భుజాన వేసుకుని బజారులో నడుస్తుంటే ఎదురొచ్చినవాళ్లు ఏ చూపు చూస్తారన్నదే ఆ నాలుగోది. వయొలిన్ పెట్టె పట్టుకున్న పిల్లను చూసి 'సంగీతానికి పోతోంది' అంటారు. డప్పు తగిలించుకున్న పిల్లవాడిని చూసి 'ఎవరు పోయారు?' అని అడుగుతారు. ఇద్దరి వయసూ పదిహేనే. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది వాయిద్యమే.

మాదిగ ఇంట్లో డప్పు ఎట్లా నేర్చుకునేవాళ్లో ముందు చూద్దాం. అక్కడ విద్యారంభం లేదు, దక్షిణ లేదు. పిల్లవాడు మొదట సెగ పెట్టడానికి గడ్డి, ఎండుపుల్లలు ఏరుకొస్తాడు. చర్మం ఎంత కాగితే ఏ మోత వస్తుందో చెవితో పట్టుకుంటాడు. రేకు డబ్బా మీదో తలుపు చెక్క మీదో దరువు వేసి చూసుకుంటాడు. ఒక చేతిలో పొట్టి చిర్ర, ఇంకో చేతిలో సన్నని పుల్ల, రెండు చేతులకూ రెండు వేరు పనులు, వాటికి తోడు అడుగులు. చాటింపు దరువు వేరు, చావు దరువు వేరు, పెండ్లి ఊరేగింపు వేరు, జాతర వేరు. ఏది ఎక్కడ వాయించకూడదో కూడా చదువులో భాగమే. వరసలో ఒక మనిషి తక్కువైన రోజున పిల్లవాడు ఆ జాగాలో నిలబడతాడు. తండ్రి పక్కనే ఉంటాడు. తప్పు పోతే కంటితోనే చెప్తాడు. సంగీత పండితులు దీన్ని గురుకులమని అనలేదు, 'కులవృత్తి' అన్నారు. ఆ ఒక్క మాటతో అందులోని విద్య అంతా కనపడకుండా పోయింది. పుట్టుకతో వచ్చిందనేస్తే ఇక నేర్చుకున్నదని ఒప్పుకోవలసిన అవసరం ఉండదు గదా.

ఆ విద్యకు ఇంకో ముఖం కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి డప్పును పొగడడం మాకు ఇష్టం లేదు. ఊరి డప్పు చాలాచోట్ల వెట్టి. పిలిస్తే పోవాలి. ఇచ్చిందే తీసుకోవాలి. పోకపోతే కూలి బంద్, దారి బంద్. అందుకే ఎందరో తండ్రులు కొడుకుల చేతికి చిర్ర ఇవ్వలేదు. 'నా తరంతోనే పోనీ బిడ్డా, నువ్వు బడికి పో' అన్నారు. డప్పును అటక మీద పెట్టారు. కొందరు చర్మం చింపేశారు. పిల్లల సంగీతానికి తల్లిదండ్రులు చేసే సహాయమంటే కొనివ్వడం, చేర్పించడం, చప్పట్లు కొట్టడం అని లెక్కవేసే వాళ్లకు ఈ తండ్రి అడ్డుపడినవాడుగా కనపడతాడు. మా లెక్కలో ఆయన కూడా పిల్లవాడికి పెద్ద సహాయమే చేశాడు. వాయిద్యాన్నీ వెట్టినీ విడదీసే దారి ఊరు ఆయనకు మిగల్చలేదు. రెంటినీ కలిపి వదిలేయడం ఒక్కటే ఆయన చేతిలో ఉంది.

ఈ తిరస్కారానికి చరిత్ర ఉంది. 1878 జూలై 3న ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. క్లౌ దొర వాళ్లకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మూడో నియమం పాటించినవాడు జాతరలో డప్పు ఎట్లా కొడతాడు? మతం మారడమంటే ఊరి మీద చేయి దించడం కూడా. ఊళ్లు దీన్ని సహించలేదు. అందుచేత డప్పు ఆపడం అనేది సంగీతం మీద అయిష్టం కాదని, అది పౌరహక్కుల పోరాటంలో ఒక రూపమని మనం గుర్తించాలి.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి మొదలైనప్పుడు ఈ కథ మలుపు తిరిగింది. తండ్రులు అటక మీద పెట్టినదాన్ని కొడుకులు దించి వీధిలోకి తెచ్చారు. ఉద్యమానికే దండోరా అనే పేరు వచ్చింది. ఊరి పెద్ద మాట చాటడానికి వాయించిన డప్పు తన మాట తానే చాటుకుంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీల వర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పడం, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో వర్గీకరణ అమలులోకి రావడం ఆ మోత తర్వాతి సంగతులే. అంతకు ముందూ తర్వాతా విప్లవ సాంస్కృతిక దళాల్లోనూ తెలంగాణ ధూంధాంలలోనూ డప్పు లేని వేదిక లేదు.

ఇక్కడే అసలు చిక్కు. వేదిక మీద డప్పుకు గౌరవం వచ్చింది. వాడకు తిరిగి వచ్చాక? సభలో డప్పు కొట్టిన పిల్లవాడినే మరునాడు శవం ముందు నడవమని ఊరు పిలుస్తుంది. సభకు వాయిస్తే కళాకారుడు, ఊరికి వాయిస్తే పనివాడు. ఈ రెంటి మధ్య నిలబడిన తల్లిదండ్రులు పదిహేనేళ్ల బిడ్డకు ఏమని చెప్పాలి? ఉద్యమం ఈ ప్రశ్నను ఇంటికి వదిలేసింది. డప్పు మన ఆత్మగౌరవం అని నినాదం ఇచ్చినవాళ్లం, దాన్ని గౌరవంగా నేర్చుకునే చోటు ఏదని అంతగా అడగలేదు.

సినిమా ఈ ప్రశ్నకు ఒక జవాబు చెప్పింది. రాజీవ్ మేనన్ తీసిన 'సర్వం తాళమయం' 2019లో తమిళంలోనూ తెలుగులోనూ వచ్చింది. తండ్రి జాన్సన్ మృదంగాలు చేసి బతికే దళిత క్రైస్తవుడు. కొడుకు పీటర్‌కు మృదంగం వాయించాలన్న కోరిక పుడుతుంది. వెంబు అయ్యర్ అనే విద్వాంసుడి గడప దగ్గర తిరస్కారం, తర్వాత అంగీకారం, మళ్లీ గెంటివేత, చివరికి టీవీ పోటీలో గెలుపు. చర్మం తెచ్చేవాడెవరు, కొట్టేవాడెవరు అన్న ప్రశ్నను ఒక జనరంజక సినిమా ముందుకు తేవడం మామూలు విషయం కాదు. ఆ మేరకు దాన్ని మేము మెచ్చుకుంటాం.

కానీ దాని నడక చూడండి. తలుపు తెరుచుకోవడం గురువు మంచితనం మీద ఆధారపడింది. పిల్లవాడి ప్రతిభ అసాధారణమైతేనే తలుపు తెరుచుకుంటుంది. మామూలు ప్రతిభ ఉన్న అగ్రహారం పిల్లలు వేలమంది ఏ అడ్డూ లేకుండా సంగీతం నేర్చుకుంటున్నప్పుడు, వాడ పిల్లవాడు మాత్రం మేధావి అయి తీరాలా? ఇంకో సంగతి. కొడుక్కు గురువు వెంబు అయ్యర్ ఒక్కడే అయ్యాడు. చర్మం ఏ మందం ఉండాలో, నల్లని కరణి ఎన్ని పూతలు వేయాలో, శ్రుతికి ఎట్లా తేవాలో తెలిసిన తండ్రి ఇంట్లోనే ఉన్నాడు. చెవి లేనివాడు మృదంగం చేయగలడా? ఆ తండ్రిని కథ జాలిపడదగిన మనిషిగా చూసింది గానీ పండితుడిగా చూడలేదు. అయ్యర్ కొడుకు జాన్సన్ దగ్గర కూర్చుని చర్మం బిగించడం నేర్చుకోవాలన్న ఊహ ఆ కథకు రానేలేదు.

ఆ ఊహకు దగ్గరగా వచ్చింది టి.ఎం. కృష్ణ 2020లో అచ్చువేసిన 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే ఇంగ్లీషు పుస్తకం. మృదంగం చేసే కుటుంబాల చరిత్ర అది. పాలక్కాడ్ మణి అయ్యర్ నాదం వెనక పర్లాండు అనే దళిత క్రైస్తవుడి చెయ్యి ఎంత ఉందో అది విప్పి చెప్పింది. ఆవు చర్మం, మేక చర్మం, ఎద్దు ఎనుముల తోలు లేకుండా కచేరీ లేదన్న మాట చెప్పినందుకే గొడవ మొదలైంది. ఆవిష్కరణకు ఇచ్చిన అనుమతిని చెన్నై కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. కచేరీ వేదిక మీద చర్మం మోగవచ్చు, దాని పేరు మాత్రం పలకకూడదు. రచయిత కర్ణాటక సంగీత విద్వాంసుడే కాబట్టి ఈ మాట అంత దూరం పోయిందన్నది కూడా మనం మరిచిపోకూడదు. చేసినవాళ్ల పిల్లలు తమ తండ్రుల విద్య గురించి తామే రాసే రోజు రావాలి.

'అయితే దళితుల పిల్లలు డప్పే నేర్చుకోవాలా?' అని కొందరు మిత్రులు అడుగుతారు. మా మాట అది కాదు. అట్లా అంటే మనువు చెప్పినదాన్నే మనమూ చెప్పినట్టు అవుతుంది. అంబేద్కర్ పెద్ద వయసులో వయొలిన్ నేర్చుకున్నారు. ఆయన వయొలిన్ పూణెలో సింబయాసిస్ వాళ్ల మ్యూజియంలో ఉంది. మన పల్లెల్లో ఎందరో పిల్లలకు మొదటి సంగీత బడి చర్చి. ఢోలక్, తబలా, క్యాసియో అక్కడే పట్టుకుంటారు. మిరపకోతల డబ్బులు దాచి తల్లి కొనిచ్చిన క్యాసియో మీద పిల్లవాడు ఆదివారం పాటకు వాయిస్తాడు. స్వరం ఎక్కడుందో ఆ తల్లికి తెలియకపోవచ్చు. తాళం తప్పిందో లేదో చప్పుడు విని చెప్పేస్తుంది. దాన్ని ఏ సంగీత పత్రికా విద్యగా లెక్కపెట్టలేదు. వయొలినా, డప్పా, క్యాసియోనా అన్నది పిల్లలు ఎంచుకోవాలి. ఎంచుకోవడానికి అన్నీ అందుబాటులో ఉండాలి. అదీ మా వాదన.

ఆడపిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. డప్పు తండ్రి నుంచి కొడుక్కే పోయింది. సెగ కోసం గడ్డి తెచ్చిన చెల్లెలి చేతికి చిర్ర రాలేదు. దీన్ని పైకులాల మీదికి తోసి మనం తప్పించుకోలేం. తమిళనాడులో దిండిగల్ దగ్గర శక్తి బృందంలో దళిత ఆడపిల్లలు పరై నేర్చుకుని వేదికలెక్కారు. చావుకు కొట్టించుకున్న వాయిద్యాన్ని వాళ్లు తమ నడుముకు కట్టుకుని ఆడుతూ వాయించారు. ఊరు పిలిచే పనికి వాళ్లు ఎన్నడూ పోలేదు. అందువల్ల వాళ్ల చేతుల్లో ఆ వాయిద్యం వెట్టి వాసన లేకుండా మొదలైంది. కొడుక్కు నేర్పడానికి వెనకాడే తండ్రి బిడ్డకు నేర్పి చూడవచ్చు.

మరి ప్రభుత్వం? ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు పింఛను ఉంది. 2024లో అది నెలకు 4,000 రూపాయలైంది. మంచిదే. కానీ దానికి 50 ఏళ్లు నిండాలి. డప్పు పట్టిన మనిషి ప్రభుత్వానికి ముసలితనం దగ్గరపడ్డాక కనపడతాడు, పదిహేనేళ్లప్పుడు కనపడడు. పింఛను అనేది పోతున్న కళకు ఇచ్చే దినఖర్చు. నేర్పడానికి ఇచ్చే జీతమే ఆ కళకు రేపటిని ఇస్తుంది. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మాదిగలకు ఆశ్రిత కులమైన డక్కలి వాళ్ల వాయిద్యం అది. 2024లో ఆయన హైదరాబాద్ శివారులో కూలి పనికి పోతున్నారని వార్తలు వచ్చాయి. ఆ వార్త చదివిన డక్కలి తండ్రి తన కొడుకు చేతికి కిన్నెర ఇస్తాడా? ఇవ్వకపోతే 'కళ అంతరించిపోతోంది' అని వాపోయేవాళ్లు ఆ తండ్రిని నిందించే హక్కు ఎక్కడ సంపాదించారు?

కాబట్టి మేము అడిగేది ఇది. వీణ, వయొలిన్, మృదంగం నేర్పే ప్రతి ప్రభుత్వ సంగీత కళాశాలలో డప్పు, కిన్నెర, జమిడిక కూడా అదే జీతంతో, అదే హోదాతో నేర్పాలి. నాలుగు రోజుల శిబిరాలు చాలవు. నేర్పేవాళ్లకు డిగ్రీ అడగకూడదు, వాయించి చూపమనాలి. మృదంగం విద్యార్థి మృదంగం చేయడం కూడా నేర్చుకోవాలి, నేర్పే ఆచార్యుడు ఆ వృత్తివాడే కావాలి. ఊళ్లో డప్పు కొట్టించుకునేవాళ్లు ముందు మాట్లాడుకుని, కూలి కట్టి, 'రానం'టే ఊరుకోవాలి. ఈ చివరిది చట్టంతో మాత్రమే అయ్యేది కాదు, సంఘాలు ఊరూరా కూర్చుని తేల్చవలసింది.

అధ్యాపక మిత్రులకు ఒక మాట. మీ బడిలో పాటల పోటీ పెట్టేటప్పుడు వాయిద్యాల జాబితాలో డప్పు రాయండి. ఏ పిల్లవాడూ ముందుకు రాకపోతే వాడి తండ్రిని పిలిచి, కుర్చీ వేసి, ఎందుకు రాలేదో అడగండి. ఆ తండ్రి చెప్పే జవాబులో మన సంగీత చరిత్రలో రాయని అధ్యాయం ఉంటుంది. దాన్ని రాసుకోండి. ఆ తర్వాత నేర్పడం గురించి మాట్లాడదాం.