దెబ్బకు ముందు దన్ను

వాగులు దాటే జీపులకి వానాకాలం వెళ్లాక పట్టుకునే జబ్బుల్లో ఒకటి ముందు చెవికే తెలుస్తుంది. బండి నెమ్మదిగా పోతుంటే కింద నుంచి పిచ్చుక అరిచినట్టు కిచకిచ. వేగం పెరిగితే అది ఇంజను రొదలో కలిసిపోతుంది కాబట్టి డ్రైవరు పట్టించుకోడు. ఇంకొన్నాళ్లకి రివర్స్ గేరు వేసినప్పుడల్లా ఠంగుమంటుంది. అప్పుడు కిందికి దూరి చూస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర, క్రాస్ కప్పుల చుట్టూ ఎర్రటి పొడి. లోపల గ్రీజు పోయింది, సూది బేరింగులు తుప్పెక్కి నలుగుతున్నాయన్నమాట. అదే బండి నెలల తరబడి కదలకుండా పడి ఉంటే కప్పు, క్రాస్, యోక్ మూడూ కలిసి ఒకే ఇనప ముద్దవుతాయి.

శృంగవరపుకోట దాటి, అరకు ఘాట్ ఎక్కబోయే ముందు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. అక్కడి మేస్త్రి ఆ ముద్దని విడదీస్తుంటే స్టూలేసుకుని చూడడం నాకున్న వ్యసనాల్లో ఒకటి. బొర్రా నుంచి కటికి జలపాతానికి జనాన్ని మోసే జీపులు ఆయన దగ్గరికి వస్తుంటాయి.

షాఫ్ట్ చివర క్రాస్, కప్పులు, యోకులు కలిసి ఏర్పడే ఈ కీలు నిన్నమొన్నటిది కాదు. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు మీద ఒక దేశంలో, 17వ శతాబ్దపు ఇంగ్లిష్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరు మీద మరో దేశంలో చెలామణీ అవుతోంది. మోటారు బండికి పనికొచ్చేలా తయారుచేసి 1903లో పేటెంటు పొందినవాడు అమెరికాకి చెందిన క్లారెన్స్ స్పైసర్. దీనికో గుణం ఉంది. వంగి తిరిగేటప్పుడు ఇటు వైపు తిప్పుడు నిలకడగా ఉన్నా, అటు వైపు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుని రెండుసార్లు తగ్గుతుంది. వంపు 20 డిగ్రీలైతే ఆ తేడా ఇటు 6 శాతం, అటు 6 శాతం. షాఫ్ట్ రెండో చివరున్న కీలు దాన్ని సరిచేస్తుంది, కానీ రెండు చివర్ల యోకులూ ఒకే వరసలో ఉంటేనే. మేస్త్రికి ఈ లెక్కలతో పనిలేదు. షాఫ్ట్ విడదీసే ముందు రెండు ముక్కల మీదా కలిసొచ్చేలా ఉలితో ఒక గాటు పెడతాడు, అంతే.

ఆయన అంతకన్నా ముందు చేసే పని చక్రాలకి రాళ్లు పెట్టడం. పాత జీపుల్లో చాలావాటికి హ్యాండ్ బ్రేకు చక్రాల మీద కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనకాల షాఫ్ట్ మీదే పడుతుంది. వెనక షాఫ్ట్ ఊడదీస్తే ఆ బ్రేకు ఉన్నా లేనట్టే. పల్లంలో నిలబెట్టి బోల్టులు విప్పితే బండి తన దారి తాను చూసుకుంటుంది.

కప్పులు జారకుండా నాలుగు లాకులుంటాయి. తుప్పులో అవి కనపడవు. వైర్ బ్రష్షుతో గీకి, నూనె పోసి, రాత్రంతా వదిలేస్తాడు. తెల్లారి కప్పు మీద చిన్న దెబ్బ, అదీ లోపలికి. బయటికి రావాల్సినదాన్ని లోపలికి కొట్టడమేంటని అనిపిస్తుంది గాని, వెంట్రుకవాసి జరిగితే చాలు, లాకు మీద ఒత్తిడి తగ్గి గాడిలోంచి వచ్చేస్తుంది.

ఒక రోజు షెడ్డులో పనిచేసే కుర్రాడు ఉత్సాహంగా సుత్తి ఎత్తాడు. “ఆగరా, కిందేటెట్టావు?” అన్నాడు మేస్త్రి. ఏమీ పెట్టలేదు. నాకు ఈ పనంతా ఆ ప్రశ్నలోనే ఉందనిపిస్తుంది. కింద దన్ను లేకపోతే దెబ్బలో సగం షాఫ్ట్ ఎగరడానికే ఖర్చవుతుంది, మిగతాది యోక్ చెవిని వంచుతుంది. చెవి వంగాక కొత్త క్రాస్ వేసినా సూటిగా కూర్చోదు. మేస్త్రి షాఫ్ట్‌ని వైసులోకి తెచ్చాడు. కప్పు కన్నా కాస్త చిన్న సాకెట్ ఒక పక్క, కప్పు మొత్తం పట్టేంత పెద్ద సాకెట్ అవతలి పక్క. వైసు బిగిస్తుంటే చిన్నది ఈ కప్పుని తోస్తుంది, కప్పు క్రాస్‌ని తోస్తుంది, క్రాస్ అవతలి కప్పుని పెద్ద సాకెట్‌లోకి దింపుతుంది. కదల్లేదు. బిగువు అలాగే ఉంచి చెవి పక్కన ఒక్కటి వేశాడు. తుప్పు విరిగిన చప్పుడు తెలిసిపోతుంది.

గ్యాసు మంట పెట్టేవాళ్లూ ఉన్నారు. చెవి వ్యాకోచించి కప్పు వదులవుతుంది, నిజమే. కానీ లోపలి గ్రీజు అంటుకోవచ్చు, పైగా యోక్ ఉక్కుకి అంత వేడి మంచిది కాదు. ఎటూ రానప్పుడు నేనైతే గ్రైండర్ పక్షం. క్రాస్‌ని నడిమికి కోసేస్తే కప్పుల్ని లోపలికే కొట్టి తీసేయొచ్చు. క్రాస్ బజార్లో దొరుకుతుంది, ధరా తక్కువే. కాపాడుకోవాల్సింది యోక్‌ని. వదిలిన పాత జాయింట్‌నే కడిగి మళ్లీ బిగించమని పేచీ పెట్టేవాళ్లకి మేస్త్రి క్రాస్ కాళ్ల మీద గోరు పెట్టి రాయమంటాడు. సూదులు నొక్కుకుపోయిన గీతలు గోటికి తగులుతాయి.

కొత్తది బిగించాక నిపుల్‌కి గ్రీజు గన్ పెట్టి కొట్టాలి, నాలుగు కప్పుల అంచుల్లోంచీ కొత్త గ్రీజు కనపడేదాకా. మూడింట్లో వచ్చి నాలుగోది పొడిగా ఉంటే, షాఫ్ట్‌ని అటూ ఇటూ వంచి ఇంకోసారి కొట్టాలి. అప్పటికీ రాకపోతే ఆ కప్పు మళ్లీ తీయాల్సిందే, బండివాడు బయట ఎంత హారను కొట్టినా సరే.