బట్టీకి ఒక ఓటు

ఆదివారం అబిడ్స్‌లో షట్టర్లు దించిన దుకాణాల ముందు పరిచే పాత పుస్తకాల గురించి ఈ కాలమ్‌లో మళ్లీ రాస్తే ఎడిటర్ కోప్పడతారు. అయినా తప్పడం లేదు. మొన్న ఎంసెట్ గైడ్లకీ, అట్టలూడిన ఇంగ్లిష్ డిటెక్టివ్ నవలలకీ మధ్య ఒక లావుపాటి పుస్తకం కాలమిస్టు కంట పడింది. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు, వాటి కింద వ్యాఖ్యానం. ఎవరో పేజీ పేజీకీ పెన్సిల్ గీతలు పెట్టుకున్నారు. ఒకచోట ‘60 మీ.’ అన్నదాని చుట్టూ సున్నా చుట్టి, పక్కన ‘పక్కా అడుగుతడు’ అని రాసుకున్నారు. వెనక అట్ట లోపల అంకెల వరస ఒకటి: 19, 0.5, 0.75, 1.25, 33.5, 60. ఏది దేనికో రాయలేదు. నిద్రలో లేపి అడిగినా చెప్పేంత చదివిన మనిషికి ఆ అవసరం ఉండదు.

“గది బొగ్గు బాయిల పరీక్షది సార్, మీకేం పనికొస్తది?” అన్నాడు అమ్మే ఆయన. సరుకు అమ్మేవాడే వద్దనడం అబిడ్స్‌లో అరుదైన సంగతి. కాలమిస్టు బేరమాడకుండా కొనేశాడు.

బట్టీ మీద ఈ కాలమ్‌కున్న పగ పాఠకులకి తెలిసిందే. బిట్ బ్యాంకుల మీద, గైడ్ల మీద, ‘నెలలో సిలబస్ పూర్తి’ ఫ్లెక్సీల మీద ఇక్కడ ఎంత సిరా ఖర్చయిందో లెక్క లేదు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ కొలువున్న నాంపల్లి మీదుగా నడిచి వెళ్లిన ప్రతిసారీ ఆ పగకి కొత్త చిగురు తొడుగుతుంది. కాబట్టి ఆ అంకెల వరస చూడగానే కోపం వచ్చింది. భూమి అడుగున వందలమంది ప్రాణాలకి పూచీ పడాల్సిన మనిషిని ఎంచుకునే పద్ధతి ఇదా? 33.5 అని అప్పజెప్పినవాడు గని మేనేజరా? ఇల్లు చేరేలోపు ఒక ఘాటైన కాలమ్ శీర్షికతో సహా తయారైపోయింది. అది అచ్చుకాలేదు. ఎందుకో చెప్పడానికే ఇది.

ముందు ఆ పరీక్ష సంగతి. మన దేశంలో బొగ్గు గనికి మేనేజర్ కావాలంటే ఇంజినీరింగ్ డిగ్రీ ఒక్కటే చాలదు. ధన్‌బాద్‌లో ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్, అందరూ డీజీఎంఎస్ అనే ఆఫీసు, ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. అందులో సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ అని రెండు మెట్లు. పెద్ద గని అప్పగించాలంటే ఫస్ట్ క్లాస్ తప్పనిసరి. గోదావరిఖనిలోనో మందమర్రిలోనో “ఆయనకి ఫస్ట్ క్లాస్ వచ్చింది” అంటే ఎవరూ డిగ్రీ మార్కుల గురించి అనుకోరు. కాలేజీ ముఖం చూడనివాడికీ దారి మూయలేదు. కింది మెట్ల పర్యవేక్షకులైన సర్దార్, ఓవర్‌మన్ పరీక్షలు దాటుకుంటూ, ఏళ్లకొద్దీ అనుభవం చూపిస్తూ పైకి రావచ్చు. గనిలో పని చేసిన అనుభవం మాత్రం డిగ్రీ ఉన్నవాడికైనా మాఫీ లేదు. దానికి తోడు ప్రథమ చికిత్స సర్టిఫికెట్, వైద్య పరీక్ష, గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్.

గ్యాస్ టెస్టింగ్ అందమైన విద్య. సేఫ్టీ ల్యాంపులో వత్తిని బాగా తగ్గించి, జ్వాల చిన్నదయ్యాక దాని నెత్తిన లేత నీలం టోపీలాంటిది తేలుతుందేమో చూడాలి. ఆ టోపీ ఎత్తుని బట్టి గాలిలో మీథేన్ ఎంత శాతమో చెప్పాలి. ఇప్పుడు అంకె చూపించే యంత్రాలు వచ్చాయనుకోండి. కానీ కన్ను నేర్చే పాఠం అది, గైడు చదివితే వచ్చేది కాదు.

రాత పరీక్ష అలా కాదు. గని తవ్వే పద్ధతులు, గాలి సరఫరా, యంత్రాలు, సర్వే అంటూ పేపర్లు చాలానే ఉన్నాయి. మైనింగ్ డిగ్రీ ఉన్నవాళ్లకి వాటి నుంచి మినహాయింపు దొరుకుతుంది. ఒక్కటి మాత్రం ఎవరికీ తప్పదు. అది చట్టం, నిర్వహణ, భద్రతల పేపరు. ఏళ్ల తరబడి చదివిన దేశ్‌ముఖ్ పుస్తకాలు, మిశ్రా వెంటిలేషన్ పుస్తకం పక్కన పెట్టించి, ప్రభుత్వం కోరి కోరి ఆ బట్టీ పేపరే రాయిస్తుంది. ఒకప్పుడు కాగితం మీద పేజీలకొద్దీ రాసి, ఆ తర్వాత ధన్‌బాద్ వెళ్లి బోర్డు ఎదుట నోటితో జవాబు చెప్పేవారు. కొన్నేళ్లుగా రాత పరీక్ష కంప్యూటర్ మీదికి, నాలుగింట ఒక జవాబు ఎంచుకునే పద్ధతికి మారింది. అంటే ఈ కాలమ్ పాత శత్రువు గని లోపలికి కూడా దిగిందన్నమాట.

నాంపల్లి స్టేషన్ నుంచి కాస్త నడిస్తే రెడ్ హిల్స్‌లో సింగరేణి భవన్ వస్తుంది. హైదరాబాద్ నేల కింద గ్రానైటే తప్ప బొగ్గు లేదు. అయినా బొగ్గు గురించిన పెద్ద నిర్ణయాలు ఎన్నో ఇక్కడ జరుగుతూ వచ్చాయి. ఇక్కడ కాలమిస్టు కొంచెం పక్కదారి పడతాడు, పాఠకులు మన్నించాలి. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. అక్కడి పొరని నేటికీ కింగ్ సీమ్ అనే అంటారు. ఆ బొగ్గు తవ్వే హక్కు 1886లో లండన్‌లో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతికి వెళ్లింది. కంపెనీ మూలధనం కాగితం మీద పది లక్షల పౌండ్లు. షేర్లలో సింహభాగం మాత్రం హక్కు సంపాదించుకున్నవాళ్లకే దాదాపు ఊరికే దక్కింది. నిజాం తరఫున వ్యవహారం నడిపిన అబ్దుల్ హక్, తన చేతిలోని షేర్లనే నిజాం ప్రభుత్వంతో హెచ్చు ధరకి కొనిపించాడన్న గొడవ బయటపడింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ వేసి విచారించింది. అబ్దుల్ హక్ పదవి పోయింది. మరుసటి ఏడాది ఇల్లెందులో గని తవ్వకం మొదలైంది. మన బొగ్గు కథలో మొదటి పెళ్ల పైకి రాకముందే మొదటి కుంభకోణం పైకి వచ్చిందన్నమాట. ఆ తర్వాతిది అందరికీ తెలిసిందే. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ రిజిస్టరైంది, 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటా కొంది, ఇప్పుడు రాష్ట్రానికి 51, కేంద్రానికి 49.

ఈ పక్కదారి ఎందుకంటే, ఆ కథలో షేర్లు పంచుకున్నవాళ్లెవరూ ఏ పరీక్షా రాయలేదు. బొగ్గు మీద లాభం తీసుకునేవాడికి అప్పుడూ పరీక్ష లేదు, ఇప్పుడూ లేదు. పరీక్షంతా బాయి దిగేవాడికే.

మళ్లీ ఆ వెనక అట్ట అంకెల దగ్గరికి వద్దాం. 19 అంటే, మనుషులు పనిచేసే చోట గాలిలో ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు. 0.5, కార్బన్ డయాక్సైడ్ అంతకి మించకూడదు. 0.75, పని స్థలాలన్నీ చుట్టి వెనక్కి వచ్చే గాలిలో మీథేన్ హద్దు. 1.25, గనిలో ఎక్కడైనా సరే దాటకూడని గీత. మీథేన్ 5 శాతానికి చేరిందంటే, 15 దాకా, చిన్న నిప్పురవ్వ చాలు. అంటే చట్టం గీసిన గీతకీ చావుకీ మధ్య కావాలనే చాలా దూరం వదిలారు. 33.5, తడి బల్బు థర్మామీటర్‌లో డిగ్రీల సెల్సియస్, మనిషి ఒళ్లు తట్టుకునే వేడికి హద్దు. ఇక ఆ సున్నా చుట్టిన 60. వదిలేసిన పాత పని స్థలాలకి 60 మీటర్ల దగ్గరికి తవ్వకం వచ్చిందంటే, రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఒక్క అడుగు కూడా ముందుకి వేయకూడదు. పాత గనుల్లో నీళ్లుంటాయి. ఆ నీటికీ తవ్వకానికీ మధ్యలో ఎంత గోడ ఉందో మ్యాపు చెప్పిందే నిజమనుకుంటే కుదరదు.

1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో పైనున్న పాత గని నీళ్లు విరుచుకుపడి 375 మంది పోయారు. ‘కాలా పత్థర్’ సినిమా చూసినవాళ్లకి ఆ నీళ్లు గుర్తుంటాయి. మన గోదావరిఖనిలో 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది చనిపోయారు. ఇంకా వెనక్కి వెళ్తే 1897లో కోలార్ బంగారు గనుల్లో 52 మంది, బలూచిస్తాన్‌లోని ఖోస్త్ బొగ్గు గనిలో 47 మంది పోయాక 1901లో మన మొదటి గనుల చట్టం వచ్చింది. మరుసటి ఏడాది జనవరిలో కలకత్తాలో తనిఖీ ఆఫీసు పెట్టారు, నేటి డీజీఎంఎస్ అదే. ఇంగ్లండ్‌లోనూ ఇదే తంతు. 1862లో హార్ట్‌లీ గనిలో ఇంజన్ దూలం విరిగి, ఉన్న ఒకే ఒక్క బావిలో పడి దారి మూసేసింది. మొత్తం 204 మంది పోయారు. ఆ ఏడాదే ప్రతి గనికీ రెండు దారులుండాలని చట్టం చేశారు. పదేళ్ల తర్వాత, 1872లో, మేనేజర్‌కి సర్టిఫికెట్ తప్పనిసరి చేశారు.

ఇవన్నీ అర్థం చేసుకున్నవాడికి అంకె గుర్తుండాల్సిన పనేముంది, చూసుకుని చెప్పొచ్చు కదా అని వాదించవచ్చు. ఈ కాలమ్ ఇన్నాళ్లూ వాదించింది అదే. గని మేనేజర్ రోజు ఎలా గడుస్తుందో చూస్తే ఆ వాదన నిలబడదు. 1957 నిబంధనల ప్రకారం ఆయన వారంలో కనీసం 4 రోజులు భూమి లోపలికి దిగి పని స్థలాలు చూడాలి. పదిహేను రోజులకి ఒకసారైనా రాత్రి షిఫ్టులో దిగాలి. అక్కడ క్యాప్ ల్యాంపు వెలుతురులో ఎదురుగా ఓవర్‌మన్, ఇంకా ఎత్తాల్సిన బొగ్గు, పైనుంచి ఫోన్‌లో టార్గెట్. “ఇంకో రెండు మీటర్లే కదా సార్” అన్నప్పుడు “60” అని టక్కున నోటికి రావాలి. అక్కడ ఆలోచించేవాడు సర్దుకుపోతాడు. బట్టీ పట్టినవాడు సర్దుకుపోవడం కష్టం, ఎందుకంటే ఆ అంకె అతని సొంత అభిప్రాయం కాదు, దానితో బేరం కుదరదు.

గనుల చట్టం ఈ సంగతి బాగా గ్రహించింది. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు తప్ప, యజమాని గానీ ఏజెంటు గానీ మేనేజర్‌ని దాటి ఆయన కింది ఉద్యోగికి చట్టబద్ధమైన విధుల విషయంలో ఆదేశం ఇవ్వకూడదని అందులో రాసే పెట్టారు. ఉద్యోగం ఇచ్చినవాడికే ‘కుదరదు’ అనగలిగే ఉద్యోగాలు మన దేశంలో ఎన్నున్నాయి? ఆ మాట అనడానికి మేనేజర్ దొర దగ్గరున్న ఆయుధం తెలివితేటలు కాదు, కంఠస్థమైన చట్టం. ఆ ధైర్యం ఎప్పుడూ కాపాడుతుందనీ కాదు. 2022 మార్చి 7న రామగుండం దగ్గర అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలినప్పుడు చనిపోయిన ముగ్గురిలో ఇద్దరు అధికారులే.

ఈ సర్టిఫికెట్ చాలాకాలం ఆడవాళ్లకి సగమే దక్కింది. భూగర్భంలో వాళ్లు పని చేయకూడదని చట్టం, భూగర్భ అనుభవం లేనిదే పూర్తి సర్టిఫికెట్ లేదని నిబంధన. ఓపెన్ కాస్ట్ గనులకే పరిమితమైన సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చేది. 2019లో కేంద్రం ఆ తలుపు తీశాక, సింగరేణి కార్మికుడి కూతురు, కొత్తగూడెంలో మైనింగ్ చదివిన రాసకట్ల సంధ్య ఏ పరిమితీ లేని సెకండ్ క్లాస్ సర్టిఫికెట్ సాధించి హిందుస్థాన్ జింక్ భూగర్భ గనిలో మేనేజర్ అయింది. అది బొగ్గు కాదు, జింకు. అయినా కొత్తగూడెం దాన్ని తన ఖాతాలోనే వేసుకుంది, వేసుకోవాలి కూడా.

కొన్న పుస్తకం చట్టం లెక్కన చెల్లనిదే. 1957 నిబంధనల చోట 2017లో కొత్తవి వచ్చాయి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో ఒకటి 1952 నాటి గనుల చట్టాన్నే తనలో కలిపేసుకుంది. బిట్లతో పరీక్ష పెట్టడం ఈ కాలమ్‌కి ఇప్పటికీ నచ్చదు. నాలుగు జవాబుల్లో 60ని గుర్తుపట్టడం వేరు, చీకట్లో ఎవరూ గుర్తు చేయకుండా 60 అనడం వేరు. నోటి పరీక్షే అసలైన పరీక్ష, బట్టీ అందులోనే తేలుతుంది. దాంతోపాటు ఇంకో మనవి. ఏడాదికి ఎన్ని లక్షల టన్నులు ఎత్తాలో నిర్ణయించే బోర్డు సభ్యుల చేత, మంత్రిత్వ శాఖ అధికారుల చేత, బొగ్గు బ్లాకు వేలంలో చేయెత్తే కంపెనీల పెద్దల చేత ఆ ఒక్క పేపరు, చట్టం పేపరు, రాయించాలి. వాళ్లకి మినహాయింపులేమీ వద్దు, గ్యాస్ టెస్టింగ్ అడగనక్కర్లేదు. పరీక్షలకి బాగా అలవాటు పడ్డ పేట కాబట్టి సెంటర్ నాంపల్లిలోనే వేయొచ్చు.