రెండు తలుపుల పనితనం

నాడీకణాల మధ్య సందులోకి విడుదలైన సెరటోనిన్‌ను తిరిగి కణంలోకి చేర్చే ప్రోటీన్‌ది ఎంత పొందికైన పనో! బయటివైపు తెరుచుకుని ఒక సెరటోనిన్ అణువును, దాని వెంట ఒక్కో సోడియం, క్లోరైడ్ అయాన్‌లను పట్టుకుంటుంది. బయటి తలుపు మూసుకున్నాకే లోపలిది తెరుచుకుంటుంది; రెండూ ఒకేసారి తెరుచుకుంటే కూడబెట్టినదంతా బయటికి కారిపోతుంది. లోపల వాటిని వదిలి, పొటాషియంను పట్టుకుని మళ్లీ బయటివైపు తిరుగుతుంది. అయాన్ ఛానెళ్లు సెకనుకు లక్షల అయాన్‌లను పంపిస్తుంటే ఇది కొన్ని అణువులనే మోస్తుంది కదా అనవచ్చు. నిజమే, కానీ ఛానెల్ పల్లానికి వదిలేస్తుంది, ఇది ఎదురెక్కిస్తుంది. సోడియం లోపలికి దూసుకొచ్చే బలాన్ని వాడుకుని, సెరటోనిన్‌ను తక్కువున్న చోటు నుంచి ఎక్కువున్న చోటికి చేరుస్తుంది. అందుకే ఆ నిదానాన్ని లోపమనలేం. కుంగుబాటుకిచ్చే ఫ్లూఓక్సెటిన్ అడ్డుకునేది ఈ ప్రోటీన్‌నే.