ఎనిమిదో సెక్షన్‌లో ట్యూరింగ్ పనితనం

"ప్రోగ్రామ్ ఆగుతుందో ఆగదో తెలియాలంటే నడిపి చూస్తే పోలా? దానికింత సిద్ధాంతం ఎందుకు?" ఖమ్మం, కొత్తగూడెం వైపు ఇంజినీరింగ్ పిల్లలు 'ఫ్లాట్' అని పిలుచుకునే ఫార్మల్ లాంగ్వేజెస్ అండ్ ఆటోమేటా థియరీ పేపర్‌లో హాల్టింగ్ ప్రాబ్లమ్ దగ్గరికి వచ్చేసరికి ఈ ప్రశ్న లేవక మానదు. ఇది తెలివితక్కువ ప్రశ్నేమీ కాదు. దీన్ని పట్టుకుని తలపండినవాళ్లు కూడా ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. ఆ వాదనకు నేను చదివినవాటిలో అన్నిటికంటే చక్కని జవాబు 1936 నాటిది. ఇప్పుడు మనం కంప్యూటర్ అంటున్న వస్తువు ఇంకా పుట్టని రోజుల్లో, 24 ఏళ్లైనా నిండని ఆలన్ ట్యూరింగ్ పంపిన వ్యాసంలో అది ఉంది. అందులో ఎనిమిదో సెక్షన్‌ను మాత్రం ఇక్కడ దగ్గరగా చూద్దాం.

ముందు 'నడిపి చూద్దాం' అనేవాళ్ల వాదన వినాలి. సిమ్యులేటర్ అంటే ఇంకో ప్రోగ్రామ్‌ను తన లోపల ఒక్కో అడుగే నడిపే ప్రోగ్రామ్. లోపలిది ఆగితే 'ఆగింది' అని చెప్పేస్తుంది. ఆగకపోతేనే చిక్కు. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. నీళ్లు 53 తాకిన క్షణాన స్కేలు చూసినవాడెవడైనా 'తాకింది' అనగలడు. 50 దగ్గర ఊగుతున్నంతసేపూ 'ఇక తాకదు' అనే మాట స్కేలు చూసి చెప్పేది కాదు. సిమ్యులేటర్ చూపు కూడా అంతవరకే.

దీనికి వాళ్ల దగ్గర సమాధానం ఉంది. ఊరికే చూస్తూ కూర్చోనక్కర్లేదు, లోపలి ప్రోగ్రామ్ తిరిగిన చోటే తిరుగుతోందని కనిపెట్టగానే నడపడం మానేసి 'ఇది ఆగదు' అని చెప్పేస్తే సరి అంటారు. మెమరీకి హద్దున్న చోట ఈ మాట అక్షరాలా నిజం. ఒక బుల్లి యంత్రం పరిస్థితి మొత్తం, ఏ లైను దగ్గరుందో అన్న సంగతితో సహా, 20 బిట్లలో పడుతుందనుకుందాం. అప్పుడు దానికి ఉండగలిగే స్థితులు 10,48,576. అన్ని అడుగులు వేసినా ఆగలేదంటే ఏదో ఒక స్థితి రెండోసారి వచ్చిందన్నమాట. వచ్చిన స్థితే మళ్లీ వస్తే ఇక దానికి బయటపడే దారి లేదు. కానీ ట్యూరింగ్ తన వ్యాసంలో ఊహించిన యంత్రం ఒక టేపు మీద గుర్తులు రాసుకుంటూ నడుస్తుంది, ఆ టేపు ఎంత కావాలంటే అంత ఉంటుంది. 1, 2, 3 అని లెక్కపెట్టుకుంటూ పోయే యంత్రం ఎన్నడూ ఆగదు, ఏ స్థితీ రెండోసారి రాదు. అలాంటి ప్రతి పోకడనూ పసిగట్టే సిమ్యులేటర్ ఒకటి ఉండగలదా అన్నదే అసలు తగవు.

ఈ తగవు ట్యూరింగ్ చేతికి ఎలా వచ్చిందో ముందు చూద్దాం. ఆయన తండ్రి జూలియస్ ఐసీఎస్ అధికారి. మద్రాసు ప్రెసిడెన్సీలో బెజవాడ, కర్నూలు, పార్వతీపురం లాంటి మన ఊళ్లలో ఉద్యోగం చేశాడు. కొడుకు ఇంగ్లండ్‌లో పెరిగాడు. 1935లో కేంబ్రిడ్జ్‌లో మాక్స్ న్యూమన్ పాఠాల్లో గణితవేత్త హిల్బర్ట్ వేసిన ప్రశ్న విన్నాడు: ఒక గణిత వాక్యం నిరూపణకు అందుతుందో లేదో తేల్చే యాంత్రిక పద్ధతి ఉందా? దానికి సమాధానంగా రాసిందే 'ఆన్ కంప్యూటబుల్ నంబర్స్'. 1936 మే 28న అది లండన్ మ్యాథమెటికల్ సొసైటీకి చేరింది. అమెరికాలో అలోంజో చర్చ్ అప్పటికే ఇంకో దారిలో, అలాంటి పద్ధతి లేదన్న అదే ఫలితానికి చేరుకున్నాడు. కాకపోతే యంత్రాన్ని కళ్లముందు నిలబెట్టింది ట్యూరింగే.

ఆ వ్యాసంలో యంత్రాల పని ఆగడం కాదు, 0, 1 అంకెలు రాసుకుంటూ అంతులేకుండా పోవడం. అలా పోయేవాటిని సజావు యంత్రాలనీ, ఎక్కడో ఆగిపోయో ఊరికే తిరుగుతూనో కొత్త అంకె రాయలేనివాటిని ఇరుక్కునే యంత్రాలనీ అనుకుందాం. ట్యూరింగ్ ప్రశ్నను ఆగడం గురించిన ప్రశ్నగా మలచి, హాల్టింగ్ ప్రాబ్లమ్ అన్న పేరుతో పుస్తకాలకెక్కించింది 1950ల్లో మార్టిన్ డేవిస్ లాంటివాళ్లు. ట్యూరింగ్ అడిగింది: ఏది సజావు, ఏది ఇరుక్కునేది అని తేల్చే యంత్రం ఉంటుందా?

సెక్షన్ మొదట్లో ఆయన దగ్గరి దారి చూపిస్తాడు. సజావు యంత్రాలన్నిటినీ వరసగా పేర్చి, ఒక్కోదాని నుంచి ఒక్కో అంకెను ఏటవాలుగా తీసుకుని 0ని 1గా, 1ని 0గా తిప్పి రాస్తే, ఆ వరసలో ఎక్కడా లేని సంఖ్య వస్తుంది. తేల్చే యంత్రమే ఉంటే ఆ సంఖ్యను రాసే సజావు యంత్రమూ ఉండి, వరసలో కనిపించాలి, కనిపించదు. ఇది గణితవేత్త కాంటర్ నాటి పాత ఎత్తు. నిరూపణ ఇక్కడితో ముగించొచ్చు. ట్యూరింగ్ ముగించడు. ఇది సరైనదే అయినా, ఇందులో ఏదో తిరకాసు ఉందన్న అనుమానం చదివేవాడికి మిగలొచ్చని తానే చెప్పి, అంకె తిప్పకుండా ఇంకో దారి పడతాడు. పాఠకుడి అనుమానాన్ని ముందే పసిగట్టి, దానికోసం పని రెట్టింపు చేసుకున్న ఈ మర్యాద గణిత వ్యాసాల్లో అరుదు.

ఆ రెండో దారి ఇది. ప్రతి యంత్రానికీ ఒక నంబరుంటుంది. సజావుదో కాదో తప్పకుండా తేల్చే యంత్రం నిజంగానే ఉందనుకుని దాన్ని 'డి' అంటాడు. ఏ యంత్రాన్నైనా నడిపి చూపే సార్వత్రిక యంత్రం 'యు'ను అంతకు ముందు సెక్షన్లలోనే కట్టి ఉంచాడు. మన సిమ్యులేటర్ అదే. ఈ రెంటినీ జతచేసి 'హెచ్' అనే యంత్రం తయారుచేస్తాడు. హెచ్ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి, ప్రతి నంబరునూ డికి చూపిస్తుంది. డి 'కాదు' అంటే వదిలేసి ముందుకు పోతుంది. 'సజావే' అంటే తన లెక్కకు ఒకటి కలుపుకుంటుంది. ఆ లెక్క ఇప్పుడు ఐదైతే, ఆ యంత్రాన్ని యు చేత నడిపించి దాని ఐదో అంకెను ఉన్నదున్నట్టు తన టేపు మీద రాసుకుంటుంది.

ఇందులో ఏ మెట్టూ అంతులేనిది కాదు. డి ఎప్పుడూ తీర్పిస్తుంది, సజావు యంత్రం ఎప్పటికైనా అడిగిన అంకె ఇస్తుంది. కాబట్టి హెచ్ సజావు యంత్రమే. మరి హెచ్‌కూ ఒక నంబరుందిగా! ఆ నంబరు వచ్చినప్పుడు డి ఏమనాలి? 'ఇరుక్కుంటుంది' అనడానికి వీల్లేదు, సజావని ఇప్పుడే చూశాం. 'సజావే' అంటే హెచ్ తనను తానే సిమ్యులేట్ చేసుకోవాలి. అప్పటికి టేపు మీద ఆరు అంకెలున్నాయనుకుంటే, ఇప్పుడు రాయాల్సింది తన ఏడో అంకె. లోపలి హెచ్ కూడా మొదటి ఆరూ బాగానే రాస్తుంది. ఏడోదానికి అదీ తన నంబరు దగ్గరికొచ్చి, డిని అడిగి, ఇంకో హెచ్‌ను నడపడం మొదలుపెడుతుంది. దాని లోపల ఇంకోటి. ఏడో అంకె ఎప్పటికీ రాదు. సజావని తేలిన యంత్రం ఇరుక్కుంది. అంటే డి ఉండదు.

ఈ అల్లికలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది సిమ్యులేటర్‌ను వాడిన తీరు. ట్యూరింగ్ దాన్ని శంకించడు, పక్కనపెట్టడు. నిరూపణలో బరువంతా మోసేది అదే, దాని పనిలో ఎక్కడా తప్పు లేదు. కూలేది తీర్పు చెప్పే డి మాత్రమే. నడిపి చూద్దాం అనేవాళ్లు కోరిన సామగ్రి అంతా వాళ్లకిచ్చి, ఆ సామగ్రితోనే ఫలితం రాబట్టాడు.

ఇప్పటి వాదన రూపం కొంచెం వేరు. 'ఉల్టా' అని ఒక ప్రోగ్రామ్ రాస్తారు. అది సిమ్యులేటర్‌ను పిలిచి 'నేను ఆగుతానా?' అని అడిగి, 'ఆగుతావు' అంటే లూపులో పడుతుంది, 'ఆగవు' అంటే ఆగిపోతుంది. సిమ్యులేటర్ దీన్ని నడిపితే లోపల మళ్లీ తానే కనిపిస్తుంది. ఇది అంతులేని వరస అని గుర్తించి, నడక తెంచి, 'ఆగదు' అంటుంది. తన లోపల నడిచినంతవరకు ఉల్టా చివరి లైనుకు చేరలేదు కదా, కాబట్టి తీర్పు సరైనదే అని ఆ పక్షంవాళ్లు అంటారు. వాళ్లు మరిచేదొక్కటే. ఉల్టా లోపలున్నదీ అదే సిమ్యులేటర్, అదీ అలాగే నడక తెంచి 'ఆగవు' అంటుంది. ఆ మాట వినగానే ఉల్టా ఆగిపోతుంది. అడిగింది ప్రోగ్రామ్ ఏం చేస్తుందని, సిమ్యులేటర్ ఎంతవరకు చూసిందని కాదు. నడక తెంచకపోతేనేమో జవాబే రాదు.

ఈ ఉల్టా రూపాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్త క్రిస్టఫర్ స్ట్రేచీ 1965లో ఒక పత్రికకు రాసిన చిన్న ఉత్తరంలో కొన్ని లైన్ల ప్రోగ్రామ్‌గా చూపించాడు. 1953లో ఒక సదస్సుకు వెళ్తూ రైలు పెట్టెలో ట్యూరింగే తనకు నిరూపణ నోటితో చెప్పాడని కూడా రాశాడు.

ట్యూరింగ్ పనిలో అతుకులు లేకపోలేదు. 1937లో తానే కొన్ని సవరణలు అచ్చువేయించాడు. యు పట్టికల్లోని పొరపాట్లను 1947లో ఎమిల్ పోస్ట్ ఎత్తిచూపాడు, డొనాల్డ్ డేవిస్ కూడా పట్టుకున్నాడు. ఇప్పటి మాటల్లో అవి బగ్స్. సరిచేయగలిగినవే కాబట్టి ఎనిమిదో సెక్షన్‌కు దెబ్బ తగల్లేదు.

అలాగని సిమ్యులేషన్ పనికిరానిదని ఈ నిరూపణ అనలేదు. ఐదు స్థితులు, రెండు గుర్తులతో ఖాళీ టేపు మీద మొదలై ఆగిపోయే యంత్రాల్లో అన్నిటికంటే ఎక్కువసేపు నడిచేది 4,71,76,870 అడుగులు వేస్తుంది. దాన్ని 1989లో మార్క్సెన్, బుంట్రాక్ కనిపెట్టారు. దాన్ని మించింది లేదని 2024లో దేశదేశాల ఔత్సాహికులు కలిసి తేల్చి, ఆ నిరూపణను 'కాక్' అనే సాఫ్ట్‌వేర్ చేత తనిఖీ చేయించారు. మిగతావి ఆగవని చూపడానికి లూపులు పట్టే ఉపాయాలు ఒకటి కాదు, రకరకాలు వాడాల్సి వచ్చింది. ఆరు స్థితుల దగ్గర 'యాంటీహైడ్రా' అనే యంత్రం ఎదురైంది. అది ఆగుతుందా లేదా అన్నది, గణితంలో ఇంకా తేలని కొలాట్జ్ ప్రశ్న లాంటి లెక్కలో చిక్కుకుని ఉంది.

కాబట్టి ఒక్కో యంత్రానికి ఒక్కో ఉపాయం వెతికేవాళ్లకు ట్యూరింగ్ అడ్డు చెప్పలేదు. అన్నిటికీ ఒకే సిమ్యులేటర్‌తో తీర్పు చెబుతానని వచ్చేవాళ్లతో మాత్రం పెద్దగా వాదించే పనిలేకుండా చేశాడు. వాళ్ల సిమ్యులేటర్ నంబరడిగి, ఎనిమిదో సెక్షన్‌లోని డి స్థానంలో దాన్ని కూర్చోబెడితే చాలు.