పొయ్యి వెనక ముసలమ్మ

జర్మన్ కవి హైనే 1824లో చదువు మీద విసుగెత్తి హార్జ్ కొండల్లో కాలినడకన తిరిగాడు. 1826లో అచ్చయిన ఆయన ‘హార్జ్ యాత్ర’ చదువుతుంటే నవ్వాగదు. ప్రొఫెసర్లూ, తాగి తూలే కుర్రాళ్ళూ, ఎవర్నీ వదల్లేదు! బ్రోకెన్ శిఖరం దారిలో వేళ్ళతో బండల్ని చుట్టేసిన చెట్ల వర్ణనా బాగుంటుంది. గనుల కలప కోసం తరతరాలుగా నాటిన అక్కడి స్ప్రూస్ అడవి 2018 తర్వాత కరువుకీ, బెరడు పురుగుకీ చాలామటుకు ఎండిపోయిందని తెలిసి చదివితే మనసు చివుక్కుమంటుంది.

నన్ను పట్టుకున్నది మాత్రం క్లాస్తాల్‌లో గని పనివాడి ఇంట్లో, పొయ్యి వెనక, బీరువాకెదురుగా కూర్చున్న ముసలమ్మ. పాతికేళ్ళుగా అక్కడే ఉందేమో, ఆ సామానంతా ఆవిడ ప్రాణంలో కలిసిపోయిందంటాడు. సూదీ, గుండుసూదీ మాట్లాడే కథలు అలాంటి ఇళ్ళల్లోనే పుట్టాయట. ఎంత బాగా కనిపెట్టాడు! మరి అన్ని కబుర్లు చెప్పే మనిషి, ఆవిడ చేత ఒక్క కథయినా చెప్పించడేమండీ?