జాడ

గుప్పిట నిండా దుమ్ము తీసి, చెయ్యి భుజమెత్తు లేపి, సన్నటి ధారగా వదిలాడు మామ. అది మా మొహాల మీదికే వాలింది. "గాలి మనకెదురు. మన వాసన దానికి పోదు. పద అల్లుడా" అని ముందుకు కదిలాడు. ఆయన చేతిలో విల్లు లేదు. ఊతకర్ర ఒకటి, భుజానికి నీళ్ళ సొరబుర్ర, అంతే.

మాది ఖమ్మం. మూడేళ్ళ కిందట ఉద్యోగం కుంటకు మారింది. బస్తర్ దక్షిణపు కొసన, సుక్మా జిల్లాలో, శబరి ఒడ్డున ఉంటుంది ఈ ఊరు. ఏరు దాటితే ఒడిశా, రోడ్డు పట్టుకుని కాస్త కిందికి దిగితే చింతూరు. సంతలో తెలుగు బేరాలు బాగానే వినిపిస్తాయి. మామ దోర్లా ఆదివాసి. ఆయన మాటలో కోయా తెలుగూ ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో చెప్పలేను. మొదట్లో నన్ను 'సారూ' అనేవాడు. అల్లుణ్ణి కావడానికి ఏడాది పట్టింది.

మా అమ్మమ్మ వాళ్ళింట్లో నడవ గోడకు దుప్పి కొమ్ములు ఉండేవి. తాతయ్య కొట్టిన దుప్పి అనేవాళ్ళు. మాకు ఊహ తెలిసేసరికి అవి చొక్కాలు తగిలించే కొయ్యలైపోయాయి. ఆ దుప్పి ఏ అడవిలోది, ఏ పొద్దున దొరికింది, దాని జాడ ఎవరు చూపించారు అని తాతయ్యను ఎవరమూ అడగలేదు. కుంట చేరాక నాకు అదే మనసులో మెదిలేది. వేటాడాలని కాదు. వేటగాడు అడవిని ఎలా చూస్తాడో నేర్చుకోవాలని.

"దుప్పుల్ని చూపించు మామా" అన్నాను. చూపిస్తానని అనలేదు ఆయన. "ముందు నీళ్ళు చూడు" అన్నాడు. ఆ ఏడాది నాకు పెట్టిన పని అదొక్కటే. ఏ వాగు ఎప్పుడు ఎండుతుంది, ఎండిన వాగులో చెలమ ఎక్కడ మిగులుతుంది, ఏ ఇప్పచెట్టు ముందు పూస్తుంది, ఏ వాలు తగలబడింది, కాలినచోట లేత గడ్డి ఎన్నాళ్ళకు మొలిచింది. జంతువు మాటే ఎత్తనివ్వలేదు. కొలరాడోలో ఉండే మా పెదనాన్న కొడుకుతో ఫోన్లో ఈ సంగతి చెప్తే, అక్కడా అంతే అన్నాడు. అక్కడ సర్కారు అడవుల్లో జింకను వేటాడటానికి లైసెన్సు ఇస్తారు. కానీ కొత్తగా వచ్చినవాడు స్థానికుడి లెక్కలో పడాలంటే ఆరు నెలలు వరసగా అక్కడ కాపురం ఉండాలట. అక్కడ కాగితం పెట్టిన గడువు లాంటిదే ఇక్కడ మామ పెట్టాడు.

ఇక్కడ లైసెన్సు మాటే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 9వ సెక్షన్ వేటను నిషేధించింది. లైసెన్సు మీద వేటాడే వీలేదో కొంత మిగిలి ఉంటే, 1991 సవరణతో అదీ పోయింది. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసుల సంప్రదాయ హక్కులన్నిటినీ గుర్తిస్తూనే, వేటనూ వల పన్నడాన్నీ పేరు పెట్టి మినహాయించింది. ఈ నిషేధం ఉండాల్సిందే అంటాను నేను. మూడేళ్ళుగా ఈ చుట్టుపక్కల తిరుగుతున్నాను, దుప్పిని కళ్ళారా చూసింది రెండేసార్లు. అడవి ఉంది కానీ అడవిలో సడి లేదు.

అయితే సడి లేకుండా చేసింది మామ తాతలు కాదు. అది మాత్రం గట్టిగా చెప్పాలి. 1905లో తెల్లవాళ్ళు బస్తర్ అడవుల్లో మూడింట రెండొంతులు రిజర్వు చేస్తామని, పోడూ వేటా అటవీ ఫలసాయం సేకరణా అన్నీ ఆపాలని తలపెట్టారు. 1910 ఫిబ్రవరిలో భూంకాల్ తిరుగుబాటు లేచింది. దాన్ని నడిపించిన నేతనార్ గుండాధుర్ పేరు ఇవాళ్టికీ జగదల్‌పుర్‌లో పిల్లలకు తెలుసు. ఆ తిరుగుబాటు కబురు ఉత్తరాల్లో నడవలేదు. మామిడి రెమ్మ, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణం ఊరి నుంచి ఊరికి చేతులు మారాయి. వేట బాణమే అక్కడ చీటీ అయింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా, బస్తర్ అప్పట్లో భాగంగా ఉన్న మధ్యప్రదేశ్ అడవుల్లోకి షికారు కంపెనీలు విదేశీయుల్ని తీసుకొచ్చి పులుల్ని కాల్పించాయి. మామ తండ్రి ఆ రోజుల్లో ఒక దొరకు దారి చూపించాడట. కూలి ఇచ్చారా అని అడిగితే మామ తల అడ్డంగా ఊపాడు.

వేట మామ వాళ్ళకు కూర కోసం మాత్రమే కాదు. విజ్జ పండుం వీళ్ళ విత్తనాల పండుగ. విత్తు నేలలో పడకముందు దాన్ని నేల తల్లికి చూపించాలి, మగవాళ్ళు అడవికి పోవాలి. కొందరు అదిలిస్తూ తోలేవాళ్ళు, కొందరు మాటేసి కూచునేవాళ్ళు. ఏమి దొరికినా ఇంటింటికీ పాలు వేసేవాళ్ళు, మొదటి బాణం తగిలించినవాడికి ఒక పాలు ఎక్కువ. ముసలమ్మ ఒక్కతే ఉన్న ఇంటికీ పాలు తప్పేది కాదు. "దూడ వెంట ఉన్న తల్లిని కొట్టినోణ్ణి మళ్ళీ ఏడాది తోలడానికి కూడా పిలిచేవాళ్ళం కాదు" అన్నాడు మామ. ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో పండుగకు కోడిని కోస్తారు.

ఈ అడవి చదువంతా ఏమవుతుందన్నదే నా బాధ. అటవీ హక్కుల చట్టంలోనే 5వ సెక్షన్ అడవినీ వన్యప్రాణుల్నీ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కాపాడేవాడికి మొదట కావలసింది జంతువు ఎక్కడుందో తెలియడం. అది తెలిసినవాళ్ళు ఊరికి ఇద్దరో ముగ్గురో మిగిలారు. వాళ్ళ వయసు మామ వయసు. వాళ్ళను పిలిచి, కూలి కట్టి, పక్కన ఇద్దరు కుర్రాళ్ళను నడిపించి నేర్పించుకోవాలి. అదీ ఈ అయిదేళ్ళలో జరగాలి. కుర్రాళ్ళలో కొందరు పట్టింది వేరే దారి, బైకు క్లచ్ వైరుతో ఉచ్చు, కరెంటు లైను నుంచి లాగిన తీగ. దానికి గాలి ఎటు వీస్తుందో తెలియక్కర్లేదు. తల్లో పిల్లో కూడా చూడక్కర్లేదు. పోయిన శీతాకాలంలో చెలమ దగ్గర అలాంటి ఉచ్చు ఒకటి కనిపిస్తే, మామ రాయి పెట్టి కొట్టి తెంపాడు. ఆయన చేతులు వణికాయి. కోపంతోనే అనుకుంటాను.

ఆ దుమ్ము వదిలిన పొద్దున సంగతి చెప్తున్నాను కదా. ఇప్పపూలు రాలే రోజులు. ఆడవాళ్ళు గంపలతో రాకముందే జింకజాతులు పూలకోసం చెట్ల కిందికి వస్తాయి. తెలవారుజామున నేనూ మామా ఒక ఇప్పచెట్టు చేరేసరికి అక్కడ ఏమీ లేదు. నాకు ఏమీ కనిపించలేదనాలి. మామ మోకాళ్ళ మీద కూచుని నేల మీద ఒకచోట వేలు ఆనించాడు. రెండు గింజలు పక్కపక్కన నొక్కినట్టు చిన్న గుంట, నా బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది. కొసలు సన్నగా కొండవైపు చూస్తున్నాయి. "కొండగొర్రె. నడిచే పోయింది, ఉరకలేదు. ఉరికితే గిట్టలు విచ్చుకుంటాయి." గుంట అంచు ఇంకా రాలలేదు, లోపల మన్ను తడిగా ఉంది. ఒక ఇప్పపువ్వు సగం ఆ గిట్ట కింద నలిగింది, దాని మీద చీమలు ఇంకా ఎక్కలేదు. చీమలు ఎక్కకపోతే ఎంతసేపైనట్టు అని అడిగాను. మామ జవాబు చెప్పకుండా గడ్డం కొండవైపు చూపించాడు.

అప్పుడే వినపడింది. కుక్క మొరిగినట్టు ఒకే ఒక్క అరుపు, కాసేపాగి ఇంకొకటి. పైన వెదురు పొదల్లోంచి. మమ్మల్ని చూసిందో, ఇంకేం చూసిందో. దాన్ని మేము చూడనేలేదు.

దూరంగా ఆడవాళ్ళ మాటలు వినిపించడం మొదలైంది. మామ లేచాడు. రాలిన టేకాకు ఒకటి తెచ్చి ఆ గిట్ట గుర్తు మీద కప్పి, గాలికి ఎగరకుండా చిన్న రాయి పెట్టాడు. ఎందుకని అడిగాను.

"తీగ పెట్టేవాళ్ళ కంట పడొద్దని" అన్నాడు.